గాల్లో జీపీఎస్ పోతే: బ్యాకప్ నావిగేషన్ మొదటి నుంచి చివరి దాకా

ట్రైనింగ్‌లో ఉన్న పైలట్లు ఈ మధ్య పదే పదే అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: "పైన ఉండగా జీపీఎస్ పోతే వరసగా ఏం చెయ్యాలి?" వీఓఆర్ (దిక్కు చెప్పే నేలమీది రేడియో స్టేషన్) గురించి ఒక అధ్యాయంలో, డెడ్ రికనింగ్ (దిక్కు, వేగం, సమయాన్ని బట్టి పొజిషన్ అంచనా వెయ్యడం) గురించి ఇంకో అధ్యాయంలో, ఏటీసీతో (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) మాట్లాడే పద్ధతి మరో చోట చదువుతారు. కాక్‌పిట్‌లో మాత్రం ఇవన్నీ ఒకేసారి కావాలి. అందుకే వాటిని వాడే వరసలో ఇక్కడ పెడుతున్నాను.

ఉదాహరణకి గన్నవరం నుంచి రాజమండ్రి మధురపూడికి, సెస్నా 172 లాంటి విమానంలో, పగటిపూట విజువల్ ఫ్లైట్ (కళ్లతో బయట చూస్తూ ఎగిరేది) అనుకుందాం. దూరం సుమారు 68 నాటికల్ మైళ్లు, ట్రాక్ (నేలమీద వెళ్లాల్సిన దారి దిక్కు) దాదాపు 060 డిగ్రీలు. పెద్ద విమానాల సంగతి చివర్లో వస్తుంది. ఫ్రీక్వెన్సీలు, ప్రొసీజర్లు మాత్రం ఎప్పుడూ ఆ రోజుకి చెల్లే చార్టుల నుంచి, మీ విమానం మాన్యువల్ నుంచే తీసుకోండి.

ఒక్క విషయం ముందే చెప్పాలి. జీపీఎస్ పోయాక వెతుక్కునేది బ్యాకప్ కాదు. టేకాఫ్ అయిన దగ్గర్నుంచి జీపీఎస్ పక్కనే నడుస్తూ ఉన్నదే బ్యాకప్. కిందున్న దశల్లో సగం నేలమీదే పూర్తి కావడానికి కారణం అదే.

1. నేలమీద చేసుకోవాల్సిన పని

ముందు నోటామ్‌లు (పైలట్లకి ఇచ్చే తాజా హెచ్చరికలు) చూడండి. జీపీఎస్ జోక్యం గురించి హెచ్చరిక ఉందా? దారిలో ఉన్న వీఓఆర్, డీఎంఈ (స్టేషన్‌కి దూరం చెప్పేది), ఐఎల్ఎస్ (రన్‌వేకి దారి చూపే రేడియో వ్యవస్థ) పనిచేస్తున్నాయా? రెండో ప్రశ్న చాలామంది వదిలేస్తారు. మీరు నమ్ముకున్న వీఓఆర్ మెయింటెనెన్స్‌లో ఉందని గాల్లో తెలిస్తే చేసేదేమీ ఉండదు.

"ఇదంతా సరిహద్దుల్లో కదా, మనకెందుకు" అనుకోవద్దు. 2023 నవంబర్ నుంచి 2025 ఫిబ్రవరి వరకు నమోదైన 465 జీపీఎస్ జోక్యం ఘటనలు ఎక్కువగా అమృత్‌సర్, జమ్మూ ప్రాంతాలవే. కానీ 2025 నవంబర్‌లో ఢిల్లీ విమానాశ్రయం దగ్గరే స్పూఫింగ్ (తప్పుడు సిగ్నల్‌తో రిసీవర్‌ని మోసం చెయ్యడం) జరిగింది. హైదరాబాద్, చెన్నై, బెంగళూరుల నుంచి కూడా జీపీఎస్ జోక్యంపై ఫిర్యాదులు వచ్చాయని పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు పార్లమెంటుకి తెలిపారు.

తర్వాత చార్టుమీద పెన్సిల్‌తో గీత గియ్యండి. టాబ్లెట్‌లో ఉన్న గీత చాలదు. ఆ గీతమీద పది పన్నెండు నిమిషాలకొక గుర్తు ఎంచుకోండి. మన దారిలో 20 నాటికల్ మైళ్ల దగ్గర ఏలూరు వస్తుంది. 100 నాట్ల (గంటకి 100 నాటికల్ మైళ్లు) గ్రౌండ్ స్పీడ్‌తో పన్నెండు నిమిషాలు. 60 నాటికల్ మైళ్ల దగ్గర గోదావరి, అంటే 36 నిమిషాలు. రాజమండ్రి 41 నిమిషాలు.

గుర్తులు ఎంచుకోవడంలోనే చాలామంది దెబ్బతింటారు. కొల్లేరు మ్యాపు మీద పెద్దగా, స్పష్టంగా కనిపిస్తుంది. పైనుంచి చూస్తే అక్కడి నుంచి భీమవరం దాకా గళ్లు గళ్లుగా చేపల చెరువులే. సరస్సు ఎక్కడ మొదలైందో, చెరువులు ఎక్కడ ఆగాయో వానాకాలంలో చెప్పడం కష్టం. "కొల్లేరు నా కుడివైపు ఉంది" అనుకోవడానికి పనికొస్తుంది గానీ కచ్చితమైన గుర్తుగా పనికిరాదు. రోడ్డుదీ అదే కథ. ఏలూరు దాటాక గుండుగొలను దగ్గర ఒక దారి కొవ్వూరు వైపు, ఒక దారి తాడేపల్లిగూడెం, తణుకుల మీదుగా రావులపాలెం వైపు పోతుంది. రైలు పట్టాలు పట్టుకుని వెళ్తే నిడదవోలు దగ్గర భీమవరం లైన్ విడిపోతుంది. చీలే గీత ఏదైనా, అది చీలే చోటు మీ చార్టుమీద గుండ్రం చుట్టి ఉండాలి.

గోదావరి మాత్రం నమ్మదగ్గ గుర్తు. దాన్ని దాటకుండా రాజమండ్రి చేరలేరు కాబట్టి అది మీకు అడ్డుకట్టలా పనిచేస్తుంది.

నేలమీద చెక్‌లిస్ట్:
- చార్టుమీద ట్రాక్, గుర్తులు, ఒక్కో లెగ్‌కి (రెండు గుర్తుల మధ్య దారి) సమయం రాశాను
- నావ్ లాగ్‌లో (దారి లెక్కలు రాసే కాగితం) గాలి లెక్కేసిన హెడింగ్ (విమానం ముక్కు చూపే దిక్కు) ఉంది
- దారికి దగ్గర్లో పనిచేస్తున్న వీఓఆర్‌ల ఫ్రీక్వెన్సీ, ఐడెంట్ (స్టేషన్ పంపే మోర్స్ గుర్తు) రాసుకున్నాను
- ఒక్కో గుర్తుకి పక్క వీఓఆర్ నుంచి రేడియల్ (స్టేషన్ నుంచి బయటికి పోయే దిక్కు గీత) ముందే కొలిచి పెట్టుకున్నాను
- ఒక్కో లెగ్‌కి కనీస భద్రమైన ఎత్తు రాసుకున్నాను
- దిగాల్సిన చోట, ప్రత్యామ్నాయ విమానాశ్రయంలో జీపీఎస్ లేకుండా దిగే మార్గం ఉంది
- దారి వెతుక్కోవడానికి, డైవర్షన్‌కి సరిపడా ఇంధనం ఉంది
- కాగితం, పెన్సిల్, ప్లాటర్ (చార్టుమీద కోణం, దూరం కొలిచేది), స్టాప్‌వాచ్ చేతికి అందే చోట ఉన్నాయి

ఫోను, టాబ్లెట్ ఈ జాబితాలో లేవు, గమనించండి. అవి వినేదీ అవే ఉపగ్రహాలని. ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి పంపే సిగ్నల్ నేలకి చేరేసరికి చాలా బలహీనంగా ఉంటుంది. దాన్ని ముంచేసే జామర్ మీ ప్యానెల్‌నీ, మీ టాబ్లెట్‌నీ ఒకేసారి ముంచుతుంది.

2. ఇంజిన్ స్టార్ట్ అయ్యాక, టేకాఫ్‌కి ముందు

రెండు వీఓఆర్ రిసీవర్లు ఉంటే రెండింటినీ ఒకే స్టేషన్‌కి పెట్టి సూదులు మధ్యకి తెచ్చి పోల్చండి. తేడా 4 డిగ్రీలు దాటితే వాటిమీద ఆధారపడకండి. మాగ్నెటిక్ కంపాస్‌లో ద్రవం నిండుగా ఉందా, డీవియేషన్ కార్డు (ఆ కంపాస్ ఎంత తప్పు చూపుతుందో రాసి ఉండేది) ఉందా చూడండి. పాత గైరో హెడింగ్ ఇండికేటర్ అయితే కంపాస్‌తో సరిచెయ్యండి.

మన ప్రాంతంలో మాగ్నెటిక్ వేరియేషన్ (అసలు ఉత్తరానికీ, కంపాస్ ఉత్తరానికీ తేడా) చాలా తక్కువ కావడంతో కొందరు ఆ లెక్క వెయ్యడమే మానేస్తారు. అది అలవాటైతే రేపు ఇంకో దేశంలో ఎగిరినప్పుడు పది పదిహేను డిగ్రీలు పక్కకి పోతారు. లాగ్‌లో ఆ గడి ఖాళీగా వదలొద్దు.

3. జీపీఎస్ బాగున్నప్పుడే బ్యాకప్‌ని నడపండి

ఇది పాటించేవాళ్లు తక్కువ. నిజానికి మిగతా దశలన్నీ దీనిమీదే నిలబడ్డాయి.

- ఒక వీఓఆర్ ఎప్పుడూ ట్యూన్ చేసి, ఐడెంట్ విని ఉంచండి. మోర్స్ వినిపించకపోయినా, టెస్ట్ కోడ్ వచ్చినా ఆ స్టేషన్‌ని వాడొద్దు.
- ప్రతి గుర్తు దాటినప్పుడు సమయం రాయండి, తర్వాతి గుర్తుకి ఈటీఏ (చేరే సమయం) సరిచెయ్యండి.
- గైరో అయితే ప్రతి 10-15 నిమిషాలకి కంపాస్‌తో సరిచెయ్యండి. నిటారుగా, సమతలంగా, స్పీడు మారకుండా ఎగురుతున్నప్పుడే కంపాస్ చదవాలి. మలుపులో చదివితే తప్పు చెబుతుంది.
- "తెర ఇప్పుడు ఆరిపోతే నేను ఎక్కడున్నాను?" అని మీకు మీరే అడగండి. వేలితో చార్టుమీద చూపించలేకపోతే వెంటనే లాగ్ సరిచేసుకోండి.

4. ఏం పోయిందో గుర్తుపట్టండి

మూడు రకాలుగా జరగొచ్చు. మీ రిసీవర్ పాడవడం, బయట జామింగ్ జరగడం, స్పూఫింగ్ జరగడం. మొదటి రెండింటిలో పొజిషన్ పోయిందని తెర చెబుతుంది, విమానం బొమ్మ మాయమవుతుంది లేదా అంచనా మోడ్‌లోకి వెళ్తుంది. స్పూఫింగ్‌లో అలాంటి హెచ్చరికేమీ రాకపోవచ్చు. తెర ధీమాగా తప్పు చోటు చూపిస్తుంది. భయపడాల్సింది దానికే.

స్పూఫింగ్ లక్షణాలు:
- మ్యాపు మీద విమానం ఉన్నట్టుండి గెంతడం, లేదా నెమ్మదిగా పక్కకి జరిగిపోవడం
- ఎయిర్‌స్పీడ్‌కీ, తెలిసిన గాలికీ పొంతన లేని గ్రౌండ్ స్పీడ్
- జీపీఎస్ గడియారం మీ చేతి వాచీతో కలవకపోవడం
- చదునైన నేలమీద టెరైన్ వార్నింగ్ (నేల దగ్గరవుతోందన్న హెచ్చరిక)
- వీఓఆర్ రేడియల్, డీఎంఈ దూరం మ్యాపుతో ఏకీభవించకపోవడం

చివరిదాంట్లో ఒక మెలిక ఉంది. తెరమీద వీఓఆర్ పేరు పక్కన దూరం కనిపిస్తే అది డీఎంఈ అనుకోవద్దు. చాలా చిన్న విమానాల్లో డీఎంఈ పెట్టే ఉండదు. ఆ అంకె జీపీఎస్ లెక్కేసి ఇచ్చిందే. జీపీఎస్‌ని జీపీఎస్‌తోనే పోల్చుకుని "సరిపోయింది" అనుకుంటే ఏ ఉపయోగమూ లేదు. మీ విమానంలో ఆ అంకె ఎక్కడి నుంచి వస్తోందో నేలమీదే తేల్చుకోండి.

టెరైన్ వార్నింగ్ విషయంలో ఒక జాగ్రత్త. కింద నేల మీ కళ్లకి స్పష్టంగా కనిపిస్తూ, ప్రమాదం లేదని తెలిస్తే తప్ప దాన్ని అబద్ధం అనుకోవద్దు. మబ్బులో గానీ, చీకట్లో గానీ వార్నింగ్ వస్తే ముందు పైకి ఎక్కండి, కారణం తర్వాత వెతకండి.

5. మొదటి రెండు నిమిషాలు

వరస మార్చకండి.

1. విమానాన్ని ఎగరేయండి. రెక్కలు సమంగా, ఎత్తు స్థిరంగా ఉండాలి.
2. ఉన్న హెడింగ్ వదలొద్దు. ఆటోపైలట్ ఉంటే హెడింగ్ మోడ్‌లో పెట్టండి.
3. స్టాప్‌వాచ్ నొక్కండి. సమయం, హెడింగ్, చివరిగా నమ్మిన పొజిషన్ రాయండి.
4. మీ ఎత్తు ఆ లెగ్ కనీస భద్రమైన ఎత్తు కంటే పైనే ఉందా చూడండి. ఆల్టీమీటర్‌కి జీపీఎస్‌తో పనిలేదు, క్యూఎన్‌హెచ్ (అక్కడి గాలి పీడనం సెట్టింగ్) సరిగ్గా ఉంటే చాలు.
5. నావిగేషన్ సోర్స్‌ని జీపీఎస్ నుంచి వీఓఆర్‌కి మార్చండి.
6. ఏటీసీకి చెప్పండి.

అయిదో అంకె దగ్గర ఆగుదాం. గార్మిన్ ప్యానెల్ ఉన్న విమానాల్లో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. వీఓఆర్ ఫ్రీక్వెన్సీ ట్యూన్ చేస్తారు, ఐడెంట్ కూడా వింటారు. సూది మాత్రం ఇంకా జీపీఎస్ మాటే వింటూ ఉంటుంది, ఎందుకంటే సూది సోర్స్ మార్చే సీడీఐ బటన్ నొక్కలేదు. జీ1000లో రంగు చూడండి. సూది మెజెంటా రంగులో ఉంటే అది జీపీఎస్, ఆకుపచ్చగా ఉంటే వీఓఆర్ లేదా లోకలైజర్ (ఐఎల్ఎస్‌లో రన్‌వే దిక్కు చూపేది). జీఎన్ఎస్ 430లో జీపీఎస్ అని ఉందా, వీఎల్ఓసీ (వీఓఆర్/లోకలైజర్) అని ఉందా అడుగున చూడండి. "రంగు, ఫ్రీక్వెన్సీ, ఐడెంట్" అని మూడూ వేలుపెట్టి చూస్తూ పైకి చదవండి. ఆటోపైలట్ నావ్ మోడ్‌లో ఉండగా సోర్స్ మారిస్తే చాలా వాటిలో అది రోల్ మోడ్‌లోకి (దారి పట్టుకోని మోడ్) పడిపోతుంది. ముందే హెడింగ్ మోడ్‌లో పెట్టమన్నది అందుకే.

6. ఏటీసీకి ఏం చెప్పాలి

చుట్టుతిప్పి చెప్పొద్దు. కాల్‌సైన్, "జీపీఎస్ లాస్ట్" లేదా "జీపీఎస్ అన్‌రిలయబుల్", చివరి పొజిషన్, ఎత్తు, హెడింగ్, మీకేం కావాలో. ఆర్‌నావ్ దారిలో (స్టేషన్ల మీదుగా కాకుండా, జీపీఎస్ లాంటి వాటితో వెళ్లే దారి) ఉంటే "అన్‌ఏబుల్ ఆర్‌నావ్ డ్యూ జీఎన్ఎస్ఎస్ ఫెయిల్యూర్" అనండి. జీఎన్ఎస్ఎస్ అంటే జీపీఎస్ లాంటి ఉపగ్రహ వ్యవస్థలు. దారి తెలియకపోతే "పొజిషన్ అన్‌ష్యూర్, రిక్వెస్ట్ రాడార్ వెక్టార్స్" (రాడార్ చూసి కంట్రోలర్ ఇచ్చే హెడింగ్‌లు) అని ఒప్పేసుకోండి. ఇంధనం తగ్గుతోంటే, వాతావరణం పాడవుతోంటే పాన్-పాన్ (అత్యవసర పిలుపు) చెప్పడానికి మొహమాటం వద్దు. పనిచేస్తున్న ఫ్రీక్వెన్సీలో జవాబు రాకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5 ఉంది.

ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒకటుంది. మీ విమానంలోని ఏడీఎస్-బీ పరికరం మీ జీపీఎస్ పొజిషన్‌నే ప్రసారం చేస్తుంది. జీపీఎస్ తప్పైతే అదీ తప్పే. సెకండరీ రాడార్ మాత్రం మీ ట్రాన్స్‌పాండర్ జవాబు వచ్చిన దిక్కునీ, పట్టిన సమయాన్నీ బట్టి తనే లెక్కేసుకుంటుంది. కంట్రోలర్‌కి సమస్య చెప్పకపోతే ఆయన తెరమీదున్న తప్పు పొజిషన్‌ని నమ్మే అవకాశం ఉంది. చెబితే రాడార్‌తో సరిచూస్తారు.

7. వీఓఆర్‌తో మీరెక్కడున్నారో తేల్చడం

1. ట్యూన్ చెయ్యండి, స్టాండ్‌బై నుంచి యాక్టివ్‌లోకి మార్చండి, ఐడెంట్ వినండి.
2. ఓబీఎస్ (రేడియల్ ఎంచుకునే నాబ్) తిప్పి సూదిని మధ్యకి తెచ్చి, ఫ్రమ్ (స్టేషన్ నుంచి) అని చూపించేలా చెయ్యండి. పైనున్న అంకే మీ రేడియల్.
3. చార్టుమీద స్టేషన్ నుంచి ఆ రేడియల్ గియ్యండి.
4. ఇంకో వీఓఆర్‌తో అదే చెయ్యండి. రెండు గీతలు కలిసిన చోటే మీరు. కోణం 90 డిగ్రీలకి దగ్గరగా ఉంటే పొజిషన్ బిగువుగా వస్తుంది, 30 కంటే తగ్గితే నమ్మొద్దు.
5. డీఎంఈ ఉంటే ఒక్క స్టేషన్ చాలు. అది చూపేది ఏటవాలు దూరమని గుర్తుంచుకోండి. 6,000 అడుగుల ఎత్తులో స్టేషన్ నెత్తిమీదున్నా 1 నాటికల్ మైలు చూపిస్తుంది.

సిగ్నల్ అందకపోతే సాధారణంగా ఎత్తు చాలకే. వీఓఆర్ కంటిచూపు దారిలోనే వస్తుంది. అడుగుల్లో ఎత్తు వర్గమూలాన్ని 1.23తో గుణిస్తే సుమారు దూరం తెలుస్తుంది. 2,000 అడుగుల దగ్గర 55 నాటికల్ మైళ్లు, 5,000 దగ్గర 87. మధ్యలో నల్లమల లాంటి కొండలుంటే ఇంకా తగ్గుతుంది. క్లియరెన్స్ తీసుకుని పైకి ఎక్కండి. రేడియో కూడా బాగా వినిపిస్తుంది.

సూది వెనక్కి పనిచేస్తున్నట్టు అనిపిస్తే, అంటే సూది వైపు తిరిగినకొద్దీ అది ఇంకా దూరం పోతుంటే, స్టేషన్ వైపు వెళ్తూ ఫ్రమ్‌లో పెట్టుకున్నారన్నమాట. ఓబీఎస్ 180 డిగ్రీలు తిప్పండి.

8. వీఓఆర్ కూడా లేకపోతే: హెడింగ్, గడియారం, కళ్లు

మన దారికే వద్దాం. ఏలూరు చేరేసరికి ఊరు మీ ఎడమపక్క 2 నాటికల్ మైళ్ల దూరంలో కనిపించింది. అంటే 20 మైళ్లలో 2 మైళ్లు కుడికి జరిగారు. అరవైలో ఒకటి సూత్రం ప్రకారం 2ని 20తో భాగించి 60తో గుణించండి. 6 డిగ్రీలు. ఎడమకి 6 డిగ్రీలు తిరిగితే ఇక మీదట అనుకున్న గీతకి సమాంతరంగా పోతారు. రాజమండ్రి చేరాలంటే మిగిలిన 48 మైళ్లలో ఆ 2 మైళ్లూ పూడ్చాలి. 2ని 48తో భాగించి 60తో గుణిస్తే రెండున్నర. మొత్తం ఎనిమిదిన్నర. ఇప్పుడున్న హెడింగ్‌లోంచి 8 లేదా 9 డిగ్రీలు ఎడమకి తిప్పి, అక్కడే పట్టుకోండి.

సమయం కూడా చూడండి. పన్నెండు నిమిషాలకి రావాల్సిన ఏలూరు పదమూడున్నరకి వస్తే గ్రౌండ్ స్పీడ్ 89 నాట్లు. మిగిలిన దూరానికి 29 నిమిషాలు కాదు, 32 పడుతుంది. ఇంధనం లెక్క వెంటనే సరిచెయ్యండి.

విజిబిలిటీ బాగోలేనప్పుడు తిన్నగా రాజమండ్రికే గురిపెడితే ఒక చిక్కుంది. గోదావరి వచ్చాక వంతెనలు కనబడకపోతే ఎటు తిరగాలో తెలీదు. అందుకే కావాలనే 5 డిగ్రీలు కుడికి గురిపెట్టండి. నది తగలగానే మీరు దిగువన ఉన్నారని ముందే తెలుసు కాబట్టి ఎడమకి, నదికి ఎగువగా తిరగండి. రోడ్డు, రైలు వంతెనలు వరసగా కనిపిస్తాయి. అక్కడి నుంచి మధురపూడి ఉత్తర-ఈశాన్యంగా సుమారు 7 నాటికల్ మైళ్లు. కుడికే ఎందుకంటే అటు చదునైన డెల్టా. ఎడమకి పోలవరం దాటితే కొండలు. నది తగిలినప్పుడు ధవళేశ్వరం బ్యారేజీ కూడా కనిపిస్తే మీ పొజిషన్ ఖాయమైనట్టే.

ఎక్కువగా జరిగే పొరపాటు: గుర్తు కనబడలేదని గుండ్రంగా తిరగడం. రెండు చుట్లు తిరిగాక హెడింగూ పోతుంది, సమయమూ పోతుంది. గుర్తు రావాల్సిన సమయం దాటినా అదే హెడింగ్‌లో కొనసాగుతూ తర్వాతి పెద్ద గుర్తు కోసం చూడండి. ఇంకో పొరపాటు: కింద చూసింది ముందు నమ్మి, తర్వాత మ్యాపులో వెతకడం. ఎప్పుడూ గడియారం నుంచి మ్యాపుకి, మ్యాపు నుంచి నేలకి రండి. లేకపోతే డెల్టాలో ఏ కాలవైనా మీకు కావలసిన కాలవలాగే కనిపిస్తుంది.

9. దిగడం

ఐఎల్ఎస్‌కి, వీఓఆర్ అప్రోచ్‌కి ఉపగ్రహాలు అక్కర్లేదు. కానీ చార్టు పూర్తిగా చదవండి. ఐఎల్ఎస్ అయినా అక్కడిదాకా చేర్చే దారి, లేదా మిస్డ్ అప్రోచ్ (దిగలేక మళ్లీ పైకి వెళ్లే దారి) ఆర్‌నావ్ మీద ఆధారపడి ఉండొచ్చు. అలాంటప్పుడు వెక్టార్స్ అడగండి, గో-అరౌండ్ అయితే ఏ హెడింగ్, ఏ ఎత్తో ముందే తెలుసుకోండి.

దిగే చోట జీపీఎస్ అప్రోచ్ ఒక్కటే ఉంటే వాతావరణం విజువల్‌గా ఉండాలి, లేదంటే వేరే చోటికి వెళ్లాలి. ఎస్టోనియాలోని టార్టు విమానాశ్రయానికి 2024 ఏప్రిల్ చివర్లో ఫిన్‌ఎయిర్ సర్వీసులు నెలపాటు ఆపేయాల్సి వచ్చింది సరిగ్గా అందుకే.

స్పూఫింగ్ అనుమానం వచ్చాక మధ్యలో జీపీఎస్ మళ్లీ బాగైనట్టు కనిపించినా ఆ ఫ్లైట్‌లో దానితో అప్రోచ్ చెయ్యొద్దు.

10. పెద్ద విమానాల్లో తేడా ఏమిటి

ఇనర్షియల్ సిస్టమ్ (విమానం కదలికల్ని కొలిచి పొజిషన్ లెక్కేసేది) ఉంటుంది కాబట్టి హాయి అనిపిస్తుంది. సాధారణంగా గంటకి 2 నాటికల్ మైళ్ల దాకా జరగొచ్చు, మధ్యమధ్యలో డీఎంఈ స్టేషన్లతో సరిచేసుకుంటుంది. చిక్కల్లా ఆ ఇనర్షియల్ లెక్కలోకి తప్పుడు జీపీఎస్ పొజిషన్ కలిసిపోతే వస్తుంది. 2023 సెప్టెంబర్ నుంచి ఇరాక్ ప్రాంతంలో జరిగింది అదే. స్పూఫింగ్ వల్ల ఇనర్షియల్ పొజిషన్ కూడా చెడి, సిబ్బంది వెక్టార్ల మీద ఆధారపడాల్సి వచ్చింది. జోక్యం తెలిసిన ప్రాంతంలోకి వెళ్లకముందే, తయారీదారు ప్రొసీజర్ అనుమతిస్తే, జీపీఎస్ అప్‌డేటింగ్ ఆపెయ్యాలి. లోపలికి వెళ్లాక ఆపితే అప్పటికే కలిసిపోయి ఉండొచ్చు.

11. దిగాక

- ఎక్కడ, ఏ సమయంలో, ఏ ఎత్తులో మొదలైంది, ఎప్పుడు ఆగింది రాయండి
- తెర ఫోటో ఉంటే భద్రపరచండి
- టెక్ లాగ్‌లో (విమానం లోపాలు రాసే పుస్తకం) రాయండి. రిసీవర్‌ని పూర్తిగా పరీక్షించకుండా తర్వాతి ఫ్లైట్‌కి ఇవ్వొద్దు
- డీజీసీఏకి (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) రిపోర్ట్ చెయ్యండి. ఇలాంటివి గమనించిన 10 నిమిషాల్లోపు తెలియజేయాలని 2025 నవంబర్‌లో ఆదేశాలొచ్చాయి, కాబట్టి ముందు గాల్లోంచే ఏటీసీకి చెప్పి ఉండాలి

12. సాధన

తర్వాతి క్రాస్ కంట్రీలో మీ ఇన్‌స్ట్రక్టర్‌ని ఒకటి అడగండి. మంచి వాతావరణంలో, ఒక లెగ్ మొత్తం మ్యాపు పేజీ మూసేసి, సోర్స్ వీఓఆర్‌లో పెట్టి ఎగరనివ్వమని. టాబ్లెట్ వెనక సీట్లో పడెయ్యండి. గుర్తు దాటిన ప్రతిసారీ మీ పొజిషన్ చార్టుమీద చుక్క పెట్టి సమయం రాయండి. ఆ సమయాల్లో జీపీఎస్ ఏం చూపించిందో ఆయన వేరే కాగితంమీద రాస్తారు. దిగాక రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ లెక్క హెడింగ్‌లో తప్పుతోందో, సమయంలో తప్పుతోందో తెలుస్తుంది. తర్వాతి లెగ్‌లో ఆ ఒక్కదాని మీదే పనిచెయ్యండి.